గాఢ లవణ ద్రావణాల ఉష్ణగతిక ధర్మాలు కొలవడం: మొదటి తూకం నుంచి చివరి సమీకరణం దాకా

కిలో నీటిలో ఆరు మోల్‌ల సోడియం క్లోరైడ్ కరిగిస్తే ఒక్కో అయాన్ వాటాకు ఐదు నీటి అణువులు కూడా రావు. పలుచని ద్రావణాలకు చక్కగా పనిచేసే డెబై–హుకెల్ సిద్ధాంతం ఈ ఇరుకులో చేతులెత్తేస్తుంది. ఇంత గాఢతలో నీటి క్రియాశీలత ఎంతో, లవణం క్రియాశీలత గుణకం (అయాన్లు ఆదర్శ ప్రవర్తన నుంచి ఎంత తప్పాయో చెప్పే సంఖ్య) ఎంతో ఊహించి చెప్పలేం, కొలవాల్సిందే. కొలవడానికి కోట్ల పరికరం కూడా అక్కర్లేదు. ఒక రాగి దిమ్మ, కొన్ని చిన్న కప్పులు, గాలి చొరబడని ఒక పాత్ర, కదలని ఉష్ణోగ్రత, మిల్లీగ్రాములో పదో వంతు చూపే త్రాసు ఉంటే చాలు. ఫలితం నాణ్యత మాత్రం రెండే రెండు విషయాల మీద ఆధారపడుతుంది: కప్పుల్లో పోయడానికి ముందే చేసి ఉంచుకునే మూల ద్రావణం గాఢత మీకు ఎంత కచ్చితంగా తెలుసు, కప్పుల మధ్య ఉష్ణోగ్రత తేడాను ఎంత తగ్గించగలిగారు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ చివరికి ఈ రెండింటి దగ్గరికే వస్తాయి.

ఏ పద్ధతి ఎంచుకోవాలి

నీటి క్రియాశీలత అంటే ద్రావణం మీది నీటి ఆవిరి పీడనాన్ని అదే ఉష్ణోగ్రతలో శుద్ధ నీటి ఆవిరి పీడనంతో భాగిస్తే వచ్చే సంఖ్య. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర శుద్ధ నీటి ఆవిరి పీడనం 3.169 కిలోపాస్కల్‌లు. సంతృప్త సోడియం క్లోరైడ్ ద్రావణం మీద అది సుమారు 0.753 వంతుకు పడిపోతుంది.

అన్నిటికంటే తేలిక దారి చల్లని అద్దం మీద మంచుబిందువును (ఆవిరి నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రతను) పట్టే వాటర్ యాక్టివిటీ మీటరు. పది నిమిషాల్లో జవాబు ఇస్తుంది. కానీ దాని కచ్చితత్వం సాధారణంగా ±0.003 మాత్రమే. ఆహార నాణ్యత పరీక్షకు అది ధారాళంగా సరిపోతుంది. ఉష్ణగతిక లెక్కలకు వచ్చేసరికి కథ మారుతుంది. ఆరు మోలాల్ (కిలో నీటికి ఆరు మోల్‌లు; ఈ సంఖ్యే మోలాలిటీ) సోడియం క్లోరైడ్ దగ్గర ఆ 0.003 ఆస్మాటిక్ గుణకంలో (ద్రావణంలోని నీరు ఆదర్శ ప్రవర్తన నుంచి ఎంత తప్పిందో చెప్పే సంఖ్యలో) దాదాపు 1.4 శాతం తప్పుగా మారుతుంది. ఒక మోలాల్ దగ్గరికి వస్తే అదే తప్పు 9 శాతం! కారణం సూటిగానే ఉంది. పలుచబడేకొద్దీ నీటి క్రియాశీలత 1కి దగ్గరవుతుంది. మనకు కావలసిన సమాచారమంతా 1కీ దానికీ మధ్య మిగిలిన ఆ కొంచెం తేడాలోనే ఉంటుంది.

అందుకే ఇక్కడ ఐసోపీస్టిక్ పద్ధతిని ఎంచుకుంటున్నాం. పేరుకు ‘సమాన పీడనం’ అని అర్థం. 1918లో బౌస్‌ఫీల్డ్ ఈ ఆలోచనకు రూపమిచ్చాడు. 1930ల తొలి భాగంలో సింక్లేర్, రాబిన్సన్ రాగి దిమ్మను తెచ్చి దాన్ని కచ్చితమైన పద్ధతిగా మలిచారు. సూత్రం చిన్నది. మూసిన పాత్రలో రెండు ద్రావణాలను పక్కపక్కన ఉంచితే పలుచని దాని నుంచి గాఢమైన దానికి నీరు ఆవిరి రూపంలో చేరుతూ ఉంటుంది. రెండింటి ఆవిరి పీడనం సమానమయ్యాక ఆగిపోతుంది. అప్పుడు తూస్తే రెండింటి మోలాలిటీలు తెలుస్తాయి. ఒకదాని ఆస్మాటిక్ గుణకం ముందే తెలిసి ఉంటే రెండోదాని గుణకం లెక్కలో వచ్చేస్తుంది. పీడనాన్ని ఎక్కడా కొలవం, తూకం ఒక్కటే కొలత. జాగ్రత్తగా చేస్తే 0.1–0.2 శాతం కచ్చితత్వం అందుతుంది.

పరికరం

రాగి దిమ్మ మందం 25–30 మి.మీ. ఉండాలి. పైభాగాన్ని చదునుగా మెషీన్ చేయించి కప్పుల అడుగుకు సరిపోయే లోతు తక్కువ గుంటలు వేయించండి. కప్పు అడుగు, గుంట అడుగు రెండూ నిజంగా చదునుగా ఉండాలి. సన్న పొడి కాగితం ముక్క ఎక్కడైనా దూరుతోందంటే ఆ కప్పు దిమ్మను సరిగా తాకడం లేదు. రాగికి తుప్పు పట్టకుండా బంగారం లేదా నికెల్ పూత వేయిస్తే మంచిది.

ఇంత రాగి ఎందుకంటే, ఒక కప్పు 0.3 గ్రాముల నీటిని పీల్చుకుంటే ఆవిరి నీరుగా మారడం వల్ల దాదాపు 730 జౌళ్ల వేడి దానిలో విడుదలవుతుంది. నీరు పోగొట్టుకున్న కప్పు అంతే వేడిని కోల్పోతుంది. ఈ వేడి ఒక కప్పు నుంచి మరో కప్పుకు చకచకా పారకపోతే పీల్చుకునే కప్పు వెచ్చబడి, ఇచ్చే కప్పు చల్లబడి, నీటి ప్రయాణమే మందగిస్తుంది. చివర్లో ఇంకా చిక్కు. ఆవిరి పీడనం ఒక్కో డిగ్రీకి 6 శాతం మారుతుంది కాబట్టి రెండు కప్పుల మధ్య డిగ్రీలో నూరో వంతు తేడా ఉన్నా పీడనంలో 0.06 శాతం తప్పు దొర్లుతుంది. ఆరు మోలాల్ దగ్గర అది ఆస్మాటిక్ గుణకంలో 0.2 శాతమే. ఒక మోలాల్ దగ్గర 1.8 శాతం. బాత్ (పాత్రను ముంచి ఉంచే స్థిర ఉష్ణోగ్రత నీటి తొట్టి) మొత్తం 25.0కి బదులు 25.1 దగ్గర ఉన్నా పెద్ద నష్టం లేదు, అన్ని కప్పులూ కలిసే మారతాయి. కప్పుకూ కప్పుకూ మధ్య తేడా ఉంటేనే ప్రమాదం.

కప్పులు 25 మి.మీ. వ్యాసం, అంతే ఎత్తు ఉంటే చేతికి వీలుగా ఉంటాయి. క్లోరైడ్‌లకు వెండి సరిపోతుంది. ఆమ్ల ద్రావణాలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటే ప్లాటినం లేదా టాంటలం వాడాలి. గాజు కప్పులు చవకే, కానీ వేడిని సరిగా పంపవు. వాటితో సమతాస్థితి రావడానికి చాలా ఎక్కువ రోజులు పడుతుంది, వచ్చిందని నమ్మడం కూడా కష్టం. ప్రతి కప్పుకూ బిగువైన మూత ఉండాలి. కప్పుకూ మూతకూ ఒకే నంబరు చెక్కించండి.

బయటి పాత్రగా ఓ-రింగ్ సీలు, వ్యాక్యూమ్ కుళాయి ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ డబ్బా గానీ, మందపాటి వ్యాక్యూమ్ డెసికేటర్ (చెమ్మ చేరకుండా ఉంచే మూత పాత్ర) గానీ తీసుకోండి. లోపలి ఖాళీ స్థలం ఎంత తక్కువైతే అంత మేలు. 25 డిగ్రీల దగ్గర ఒక లీటరు ఖాళీలో 23 మి.గ్రా. దాకా నీటి ఆవిరి పడుతుంది. పాత్రను బాత్ నుంచి తీశాక మూత చల్లబడితే ఈ ఆవిరి దానికి పట్టుకుంటుంది, ఆ లోటు కప్పుల్లోంచి పూడుతుంది. ఎనిమిది కప్పులున్నచోట కప్పుకు రెండు మూడు మి.గ్రా. పోయినా మోలాలిటీలో 0.2 శాతం తేడా వచ్చేసినట్టే.

మూల ద్రావణాలు: అసలు పని ఇక్కడే

మిగతా దశలన్నిటిలో తప్పు దొర్లితే కప్పులే చెబుతాయి, ఒకే లవణం పోసిన జంట కప్పులు ఒకదానితో ఒకటి పొసగవు. మూల ద్రావణం గాఢతలో తప్పుంటే ఏ కప్పూ చెప్పదు. అన్నీ ముచ్చటగా కలిసిపోయి, అన్నీ కలిసే తప్పు జవాబిస్తాయి. కాబట్టి మీ దగ్గరున్న ఓపికలో సగం ఇక్కడే ఖర్చు పెట్టండి.

సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్‌లతో పెద్ద ఇబ్బంది లేదు. శుద్ధమైన లవణాన్ని ఒకసారి తిరిగి స్ఫటికీకరించి, స్ఫటికాల లోపల చిక్కుకున్న నీరు కూడా పోయేలా 500 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, డెసికేటర్‌లో చల్లార్చి, తూచి కలపండి. 110 డిగ్రీల ఓవెన్ పైకి అంటిన చెమ్మను పోగొడుతుంది, లోపల చిక్కిన నీటిని పూర్తిగా తీయదు.

కాల్షియం క్లోరైడ్, లిథియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ లాంటివాటిని తూచి కలపాలనుకోవడమే పొరపాటు. గాలిలోని చెమ్మను తూచేలోపే పీల్చేసుకుంటాయి. సీసా మీద రాసిన ‘ఆరు అణువుల నీటితో’ అనే హైడ్రేట్ సూత్రాన్ని అక్షరాలా నమ్మవద్దు, స్ఫటికంలో నీరు అంత కచ్చితమైన లెక్కలో ఉండదు. మెగ్నీషియం క్లోరైడ్ హైడ్రేట్‌ను వేడి చేసి ఆరబెట్టబోతే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పోయి క్షార లవణం మిగులుతుంది. ఇలాంటి లవణాలకు దారి ఒక్కటే: కావలసినదానికంటే కాస్త గాఢంగా ద్రావణం చేసి, వడకట్టి, ఆ ద్రావణాన్నే విశ్లేషించాలి. క్లోరైడ్‌ను సిల్వర్ క్లోరైడ్‌గా అవక్షేపించి తూచడం నెమ్మదైనా నమ్మకమైన పద్ధతి. కాల్షియం, మెగ్నీషియం అయాన్లను ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టుకునే రసాయనం) టైట్రేషన్‌తో విడిగా కొలిచి రెండు జవాబులనూ పోల్చండి. 0.1 శాతం లోపు కలిస్తే ముందుకు వెళ్లండి. కలవకపోతే తేడా ఎటువైపో చూడండి. క్లోరైడ్ లెక్కలో ఎక్కువొచ్చి లోహం తక్కువొస్తే ద్రావణంలో అదనపు ఆమ్లమో, వేరే క్లోరైడో ఉందని అనుమానించాలి.

మూల ద్రావణాన్ని ఘనపరిమాణం లెక్కలో చేయకండి, వాల్యూమెట్రిక్ ఫ్లాస్కుకు ఇక్కడ పని లేదు. అంతా తూకంలోనే జరగాలి. గాలి తేలింపు సవరణ మరిచిపోవద్దు. గాలిలో తూచినప్పుడు నీరు తన అసలు ద్రవ్యరాశి కంటే 0.105 శాతం తక్కువ తూగుతుంది. దానికంటే సాంద్రత ఎక్కువున్న సోడియం క్లోరైడ్ 0.04 శాతమే తక్కువ తూగుతుంది. సవరించకపోతే మోలాలిటీ 0.065 శాతం ఎక్కువగా వస్తుంది. మీరు 0.1 శాతం కోసం తంటాలు పడుతున్నప్పుడు అది చిన్న విషయం కాదు.

నిల్వ చేసిన సీసాను వాడే ముందు ప్రతిసారీ బాగా కదపండి. రాత్రి చల్లదనానికి గోడలకు పట్టిన నీటి బొట్లు కిందికి దిగకుండా పైనుంచి తీస్తే గాఢత మారిపోయినట్టే. ప్లాస్టిక్ సీసాల గోడల్లోంచి కూడా నెలల తరబడి నీరు పోతూనే ఉంటుంది. సీసాను పక్కన పెట్టే ముందు తూచి ఆ బరువును తేదీతో సహా దాని మీదే రాసుకుంటే తర్వాత ఎంత పోయిందో తెలుస్తుంది.

ప్రమాణం ఏది

నీటి క్రియాశీలత 0.76కి పైన ఉన్నంతవరకు సోడియం క్లోరైడ్‌నే ప్రమాణంగా, అంటే ఆస్మాటిక్ గుణకం ముందే తెలిసిన ద్రావణంగా, తీసుకోండి. 25 డిగ్రీల దగ్గర దాని ఆస్మాటిక్ గుణకాలు ఒక మోలాల్‌కు 0.936, మూడుకు 1.045, ఆరుకు 1.271. ఆర్చర్ 1992లో ప్రచురించిన సమీకరణం దీనికి బాగా వాడుకలో ఉంది. అంతకంటే గాఢమైన ద్రావణాలకు కాల్షియం క్లోరైడ్ గానీ సల్ఫ్యూరిక్ ఆమ్లం గానీ పనికొస్తాయి. గది ఉష్ణోగ్రతలో ఆమ్లం స్ఫటికించదు, ఆవిరి కాదు. అందుకని నీరు చాలా తక్కువున్న ద్రావణాల దాకా అదే నమ్మకమైన తోడు. రెండు ప్రమాణాలూ పనిచేసే పరిధిలో రెండింటినీ ఒకే పాత్రలో పెట్టి చూసుకోవడం మంచి అలవాటు.

కప్పులు నింపడం

1. కప్పులను, మూతలను కడిగి, ఆరబెట్టి, త్రాసు ఉన్న గదిలోనే గంటసేపు ఉంచి ఖాళీగా తూచండి. ముట్టుకోవడానికి పట్టకారు వాడండి, వేలి తడి కూడా మి.గ్రా.లో పదో వంతులు చేరుస్తుంది.

2. ప్రతి లవణానికీ కనీసం రెండు కప్పులు, ప్రమాణానికి రెండు లేదా మూడు. వీలైతే జంటలో ఒకదాన్ని అనుకున్న సమతాస్థితి కంటే పలుచగా, రెండోదాన్ని గాఢంగా మొదలుపెట్టండి. ఒకటి నీరు కోల్పోతూ, మరొకటి నీరు పీలుస్తూ ఒకే మోలాలిటీకి చేరితే అది నిజమైన సమతాస్థితి. రెండూ ఒకవైపు నుంచే వస్తే ఇంకా దారిలో ఉన్నా కలిసిపోయినట్టే కనిపిస్తాయి.

3. కప్పుకు 1.5–2 గ్రాముల ద్రావణం చాలు. అంటే మూడు మి.మీ. పైచిలుకు లోతు. ఎక్కువ పోస్తే తూకం తప్పు తగ్గుతుంది కానీ ద్రావణం లోపల కలవడానికి రోజులు పెరుగుతాయి. సూది గొట్టంతో మధ్యలో వదలండి, గోడలకు తగలనివ్వవద్దు.

4. వెంటనే మూత పెట్టి తూచండి. తెరిచిన కప్పు పొడిగాలిలో నిమిషానికి ఒక మి.గ్రా. స్థాయిలో నీరు కోల్పోతుంది.

ప్రారంభ గాఢతలను ముందే అంచనా వేసి ఎంచుకుంటే ఏ కప్పూ తన నీటిలో 20–25 శాతానికి మించి మార్చుకోనవసరం లేదు. ఎక్కువ నీరు కదలాల్సి వస్తే రోజులూ పెరుగుతాయి, చిందే అవకాశమూ పెరుగుతుంది.

గాలి తీయడం

సగం ప్రయోగాలు పాడయ్యేది ఇక్కడే. పంపును ఒక్కసారిగా తెరిస్తే ద్రావణంలో కరిగి ఉన్న గాలి బుడగలై పైకి తన్ని, ఒక కప్పులోంచి పక్క కప్పులోకి చుక్కలు చిందుతాయి. ఆ చుక్క కంటికి కనపడకపోయినా లవణం లెక్క చెడుతుంది.

మూతలు తీసి కప్పులను దిమ్మ మీద పెట్టి, పాత్ర మూసి, కుళాయిని పది సెకన్లు మాత్రం సన్నగా తెరిచి మూసేయండి. రెండు మూడు నిమిషాలు ఆగి మళ్ళీ. ఇలా పదిహేను ఇరవై సార్లు, గంటా గంటన్నర పడుతుంది. పీడనం నీటి ఆవిరి పీడనం దరిదాపులకు చేరాక ఆపండి. గంటల తరువాత మరోసారి కొద్దిగా లాగండి, ఆలస్యంగా బయటికొచ్చిన గాలి పోతుంది. మూల ద్రావణాన్ని ముందే కాస్త వ్యాక్యూమ్‌లో ఉంచి గాలి తీసి ఉంచుకుంటే పని సులువవుతుంది, అయితే గాలి తీశాకే దాని గాఢత నిర్ణయించాలి.

గాలిని తీయడం ఎందుకంటే, వాతావరణ పీడనం దగ్గర నీటి అణువులు గాలి అణువులను ఢీకొంటూ మెల్లగా పాకుతాయి. గాలి లేకపోతే ఆవిరి క్షణాల్లో పాత్రంతా నిండుతుంది. కొద్దిపాటి గాలి మిగిలినా సమతాస్థితి బిందువు మారదు, అక్కడికి చేరే కాలం మాత్రం బాగా పెరుగుతుంది.

బాత్‌లో

పాత్రను పూర్తిగా నీటిలో మునిగేలా ఉంచండి. మూత బయట ఉంటే అది చల్లబడి నీరు దానికి పడుతుంది. బాత్ ఉష్ణోగ్రత ±0.01 డిగ్రీలో నిలవాలి. పాత్రను నెమ్మదిగా అటూ ఇటూ ఊపే ఏర్పాటు ఉండాలి. నీరు పైపొర నుంచే పోతుంది, పైపొరకే చేరుతుంది. ఊపకపోతే పైన పలుచగా, కింద గాఢంగా పొరలు కట్టి, పైపొర మాత్రమే సమతాస్థితిలో ఉన్నట్టు నటిస్తుంది.

ఒక మోలాల్‌కు పైన మూడు నుంచి ఏడు రోజులు. 0.2 మోలాల్ దగ్గర రెండు మూడు వారాలు పట్టవచ్చు, 0.1 కంటే కిందికి ఈ పద్ధతితో దిగకపోవడమే నయం. చాలా చిక్కని ద్రావణాల్లో కూడా కలయిక నెమ్మదిస్తుంది కనుక రోజులు మళ్ళీ పెరుగుతాయి. సరిపోయిందా అన్న ప్రశ్నకు జవాబు క్యాలెండర్ చెప్పదు. నాలుగు రోజుల ప్రయోగం, ఏడు రోజుల ప్రయోగం ఒకే నిష్పత్తి ఇస్తే అప్పుడు నమ్మండి.

తెరవడం, తూచడం

గదిని కూడా 25 డిగ్రీల దగ్గరే ఉంచగలిగితే సగం సమస్య తీరుతుంది. గాలిని సన్నని రంధ్రం గుండా, పది నిమిషాలకు తక్కువ కాకుండా లోపలికి వదలండి. పాత్ర తెరిచిన వెంటనే అన్ని కప్పులకూ మూతలు పెట్టేయండి, ఆ తర్వాతే తుడవడం, తూచడం. కొన్ని పరికరాల్లో పాత్ర మూసి ఉండగానే మూతలు వాలే ఏర్పాటు ఉంటుంది. సొంతంగా చేయించుకునేవారు ఆ ఏర్పాటు కోసం కొంచెం ఖర్చు పెట్టినా వృథా కాదు.

జంట కప్పుల మోలాలిటీలు 0.1 శాతంలోపు కలవాలి. 0.3 శాతం దాటితే ఆ బిందువును పక్కన పెట్టండి. సగటు తీసి సర్దుకోకండి.

మరో బిందువుకు వెళ్లడానికి కప్పులు ఖాళీ చేయనక్కర్లేదు. లవణం కప్పులోనే ఉంది కదా, కొన్ని చుక్కల నీరు చేర్చి గానీ, కొంత నీటిని పంపుతో లాగి గానీ మళ్ళీ మూసేయవచ్చు. అయితే ఒకసారి చిందిన చుక్క ఆ తర్వాతి ప్రతి బిందువునూ పాడుచేస్తుంది. నాలుగైదు బిందువులకొకసారి కొత్తగా నింపండి.

లెక్క

సూత్రం ఇది:

పరీక్ష లవణం ఆస్మాటిక్ గుణకం = (ప్రమాణ అయాన్ల సంఖ్య × ప్రమాణ మోలాలిటీ × ప్రమాణ ఆస్మాటిక్ గుణకం) ÷ (పరీక్ష అయాన్ల సంఖ్య × పరీక్ష మోలాలిటీ)

అయాన్ల సంఖ్య అంటే సూత్రం పూర్తిగా విడిపోతే వచ్చేది: సోడియం క్లోరైడ్‌కు 2, కాల్షియం క్లోరైడ్‌కు 3. నిజంగా ద్రావణంలో అన్నీ విడిపోయాయా లేదా అన్నది ఇక్కడ పట్టించుకోం, ఆ సంగతి గుణకంలోకే వస్తుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. 2.5000 మోలాల్ సోడియం క్లోరైడ్ మూల ద్రావణం 1.8000 గ్రాములు పోశాం. దానిలో లవణం 0.22947 గ్రాములు, అంటే 0.0039263 మోల్. సమతాస్థితిలో ద్రావణం బరువు 1.5382 గ్రాములు. నీరు 1.3087 గ్రాములు, మోలాలిటీ 3.000. పక్క కప్పులో 2.8000 మోలాల్ పొటాషియం క్లోరైడ్ 1.8000 గ్రాములు పోశాం. లవణం 0.31085 గ్రాములు, 0.0041696 మోల్. చివరి బరువు 1.5675 గ్రాములు, నీరు 1.2567, మోలాలిటీ 3.318. ఈ రెండు కప్పులూ పోగొట్టుకున్న నీరు గాఢంగా మొదలుపెట్టిన వాటి జంట కప్పుల్లోకి చేరింది. రెండింటికీ అయాన్ల సంఖ్య 2 కాబట్టి అది కొట్టుకుపోతుంది. పొటాషియం క్లోరైడ్ ఆస్మాటిక్ గుణకం 3.000 × 1.0453 ÷ 3.318 = 0.945.

నీటి క్రియాశీలత కావాలంటే: దాని సహజ లాగరిథమ్ = −0.018015 × అయాన్ల సంఖ్య × మోలాలిటీ × ఆస్మాటిక్ గుణకం. పై ఉదాహరణలో −0.1130 వస్తుంది, నీటి క్రియాశీలత 0.893. రెండు కప్పులకూ అదే.

కొత్త పరికరాన్ని మొదట ఈ సోడియం–పొటాషియం క్లోరైడ్ జంటతోనే పరీక్షించండి. రెండింటి విలువలూ బాగా తెలిసినవే. ప్రచురిత విలువకు 0.2 శాతం లోపు రాకపోతే తెలియని లవణం జోలికి వెళ్లకండి.

లక్షణాన్ని బట్టి జబ్బు

దిమ్మ అంచున ఉన్న కప్పులు ఎప్పుడూ ఒకే వైపుకు తప్పుతుంటే దిమ్మలో ఉష్ణోగ్రత తేడా ఉంది. తర్వాతి సారి కప్పుల స్థానాలు మార్చి చూడండి, తప్పు స్థానంతో పాటు కదిలితే రుజువైనట్టే. తప్పు కప్పుతో పాటు కదిలితే అడుగు వంకరగా ఉందేమో చూడండి.

ఒకే లవణం జంట కలిసిపోయి, ప్రమాణంతో నిష్పత్తి మాత్రం అన్ని గాఢతల్లోనూ ఒకే శాతం తప్పుతుంటే మూల ద్రావణం గాఢత తప్పు. ఇది చాలా స్పష్టమైన ముద్ర.

ఒక కప్పు మోలాలిటీ అనూహ్యంగా ఎక్కువైతే లోపల స్ఫటికాలున్నాయేమో చూడండి. స్ఫటికం ఉన్నంతసేపు ద్రావణం సంతృప్త గాఢత దగ్గరే నిలుస్తుంది. ఆ కప్పు నీరు పోగొట్టుకుంటూనే ఉన్నా ఆవిరి పీడనం మారదు. అది వదిలేయాల్సిన బిందువు. స్ఫటికం లేకుండా సంతృప్తతను దాటిన ద్రావణాలు మాత్రం బంగారం లాంటివి. మూసిన పాత్రలో దుమ్ము, గీతలు లేకపోతే ఈ అతిసంతృప్త స్థితి నిలుస్తుంది, మరే పద్ధతికీ అందని సమాచారం దొరుకుతుంది.

నీరు కాకుండా వేరేది ఆవిరయ్యే లవణాలకు ఈ పద్ధతి చెల్లదు. అమ్మోనియం బైకార్బొనేట్ నుంచి అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ పోతాయి. పంపు తెరిచినప్పుడల్లా కూర్పు మారిపోతుంది.

క్రియాశీలత గుణకం దాకా

ఆస్మాటిక్ గుణకం నీటి గురించి చెబుతుంది. లవణం గురించి తెలియాలంటే గిబ్స్–డ్యూహెమ్ సంబంధం కావాలి: లవణం సగటు క్రియాశీలత గుణకపు సహజ లాగరిథమ్ = (ఆస్మాటిక్ గుణకం − 1) + సున్నా నుంచి మోలాలిటీ దాకా (ఆస్మాటిక్ గుణకం − 1) ÷ మోలాలిటీ సమాకలనం. చిక్కు కింది అంచున ఉంది. సమాకలనం సున్నా దగ్గర మొదలవుతుంది, మన బిందువులు 0.1 కింద లేవు. ఆ ఖాళీని ఎలక్ట్రోడ్ ఘటాలతో కొలిచిన వోల్టేజి సమాచారంతో గానీ, డెబై–హుకెల్ పదం ఉన్న సమీకరణంతో గానీ పూడ్చాలి.

1973లో వచ్చిన పిట్జర్ సమీకరణం రెండో పనిని చక్కగా చేస్తుంది. సోడియం క్లోరైడ్‌కు 25 డిగ్రీల దగ్గర డెబై–హుకెల్ స్థిరాంకం 0.3915, మూడు పరామితులు వరుసగా 0.0765, 0.2664, 0.00127. మీ ప్రోగ్రామ్‌ను వీటితో పరీక్షించుకోండి: ఒక మోలాల్‌కు 0.936, మూడుకు 1.046, ఆరుకు 1.273 రావాలి. ఆరు దగ్గర కొలిచిన విలువ 1.271 అని పైన చూశాం, ఆ చిన్న తేడా సమీకరణం పరిధి చివరికి వచ్చామని చెబుతోంది. మెగ్నీషియం సల్ఫేట్ లాంటి రెండు–రెండు లవణాలకు (రెండు అయాన్ల ఆవేశమూ రెండేసి ఉన్నవాటికి) నాలుగో పరామితి తప్పనిసరి.

సమీకరణాన్ని బిందువులకు ఫిట్ చేసేటప్పుడు అన్నిటికీ ఒకే ప్రాధాన్యం ఇవ్వకండి. ఉష్ణోగ్రత తేడా వల్ల పలుచని వైపు తప్పు ఎన్నో రెట్లు పెద్దదని ముందే చూశాం. మీ చివరి బిందువు దాటి సమీకరణాన్ని పొడిగించవద్దు. మూడో పరామితి ఉన్న పదం మోలాలిటీ వర్గంతో పెరుగుతుంది, కొద్ది దూరంలోనే గీత ఎటో వెళ్లిపోతుంది.

సాంద్రత, వేడి

ఐసోపీస్టిక్ ప్రయోగం కోసం చేసిన మూల ద్రావణాలతోనే సాంద్రత కూడా కొలవండి. కంపించే యు-గొట్టం సాంద్రతామాపకం ఘన సెంటీమీటరుకు 0.00001 గ్రాము దాకా చూపుతుంది. దాని నుంచి దృశ్య మోలార్ ఘనపరిమాణం (ఒక మోల్ లవణం ద్రావణంలో ఆక్రమించినట్టు కనిపించే స్థలం) వస్తుంది: 1000 × (నీటి సాంద్రత − ద్రావణ సాంద్రత) ÷ (మోలాలిటీ × రెండు సాంద్రతల లబ్ధం) + అణుభారం ÷ ద్రావణ సాంద్రత. నీటి సాంద్రత 25 డిగ్రీల దగ్గర 0.99705.

ఐదు మోలాల్ సోడియం క్లోరైడ్‌లో సాంద్రత చివరి అంకె తప్పు వల్ల మోల్‌కు 0.0019 ఘన సెంటీమీటర్ల తేడా వస్తుంది. మోలాలిటీలో 0.1 శాతం తప్పు వల్ల 0.03 వస్తుంది, దాదాపు పదిహేను రెట్లు! ఖరీదైన సాంద్రతామాపకం కొని మూల ద్రావణాన్ని అజాగ్రత్తగా చేస్తే ఆ డబ్బు నీళ్లలో పోసినట్టే. కాల్షియం క్లోరైడ్, లిథియం బ్రోమైడ్ లాంటి చిక్కని ద్రావణాలకు స్నిగ్ధత సవరణ తప్పక వాడాలి. గాలి, నీరుతో మాత్రమే క్రమాంకనం చేస్తే ద్రావణం సాంద్రత ఆ రెండింటి పరిధి దాటిపోతుంది, కాబట్టి నీటికంటే బరువైన, సాంద్రత తెలిసిన మూడో ద్రవంతో సరిచూసుకోండి. గొట్టంలో చిక్కిన చిన్న బుడగ అంకెను నెమ్మదిగా జారేలా చేస్తుంది. అంకె నిలవకపోతే గొట్టం ఖాళీ చేసి మళ్ళీ నింపండి.

ఉష్ణోగ్రతతో గుణకాలు ఎలా మారతాయో కావాలంటే ద్రావణాన్ని పలుచన చేసినప్పుడు వచ్చే వేడిని కెలోరిమీటర్‌తో కొలవడం, అదే ఐసోపీస్టిక్ పనిని 50, 75 డిగ్రీల దగ్గర మళ్ళీ చేయడం రెండూ దారులే. పై ఉష్ణోగ్రతల్లో పాత్రను తెరిచేటప్పుడు ఆవిరి నష్టం పెరుగుతుంది, అక్కడ లోపలే మూతలు వాలే ఏర్పాటు తప్పనిసరి.

ఫలితాలు రాసేటప్పుడు ఆస్మాటిక్ గుణకాలు మాత్రమే ఇచ్చి ఊరుకోకండి. ప్రతి సమతాస్థితిలోనూ ప్రమాణం, పరీక్ష లవణం రెండింటి మోలాలిటీలు, వాడిన ప్రమాణ సమీకరణం, అణుభారాలు, మూల ద్రావణం విశ్లేషించిన పద్ధతి, ఎన్ని రోజులు ఉంచారో అన్నీ పట్టికలో పెట్టండి. ప్రమాణ విలువలను రేపు ఎవరైనా సవరిస్తే, ఆ రెండు మోలాలిటీల నుంచి మీ కొలతను కొత్త విలువలతో తిరిగి లెక్కకట్టుకోవచ్చు.